చేతులెత్తిన నాన్న, చేపను పట్టిన సాలీడు

మా అమ్మాయి జ్యోతి మాట నిలబెట్టడానికి నేను చేసిన ప్రయాణం ఇది. ఆ మాట పడిపోవడానికి కారణం కూడా నేనే. రాజమండ్రిలో మోటార్లకు వైండింగ్ చేసుకునే నా జేబులో ఇరవై ఏళ్లుగా ఒక రబ్బరు సాలీడు ఉంటుంది. దాన్ని చూసి కెవ్వుమనని మనిషి మా వీధిలో లేడు. ఒక పెళ్లి భోజనాల్లో దాన్ని అరిటాకు అంచున పెట్టి, పెద్దమనిషొకాయన మోచేయి పప్పుచారు బకెట్లో మునిగేలా చేసిన ఘనత నాది. పదో తరగతి రెండుసార్లు తప్పినవాడికి ఆ మాత్రం పేరు రావడమే ఎక్కువ. జ్యోతి అలా కాదు, డిగ్రీలో జువాలజీ చదువుతోంది. పోయిన నెల నరసాపురం అవతల అమ్మమ్మగారి ఊరు వెళ్లినప్పుడు, అక్కడి చెరువులో అరచేయంత సాలీడు చేపపిల్లను పట్టుకుని ఉంటే ఫోటో తీసింది. క్లాసులో చూపిస్తే, నా సంగతి తెలిసిన తోటివాళ్లు "మీ నాన్నగారి జేబులోదేగా?" అని పగలబడి నవ్వారట. వీడియో తెస్తేనే సోమవారం సెమినార్లో ఆ విషయం చెప్పమని వాళ్ల మేడమ్ అన్నారట. అమ్మాయి నన్నేమీ అనలేదు. ఆదివారం నేనే తీసుకెళ్తానన్నాను.

తెల్లవారుజామున నాలుగున్నరకు బస్సెక్కితే రావులపాలెం, సిద్ధాంతం, పాలకొల్లు మీదుగా ఏడున్నరకు నరసాపురంలో దిగాం. నా టిక్కెట్టు నూట ముప్పై దాకా అయింది. జ్యోతి ఆధార్ కార్డు చూపించి దర్జాగా ఉచితంగా వచ్చింది. ఆకాశం నిండా మబ్బు. రేవు దగ్గర వేడివేడి ఇడ్లీలు తిని, మనుషుల్నీ మోటారు సైకిళ్లనీ కలిపి మోసే పంటు మీద గోదావరి దాటాం. అవతలి ఒడ్డున శ్రీను అనే కుర్రాడి ఆటో, రానూపోనూ మూడు వందలకు మాట్లాడుకున్నాం.

"ఏం పని మీదొచ్చారండి?" అన్నాడు శ్రీను. చేపల్ని పట్టే సాలీడు కోసమన్నాను. "సాలీడు చేపని పట్టుద్దా? ఏంటండీ బాబూ, రేపు బొద్దింక మేకని పట్టుద్దంటారేంటి?" అని ఒకటే నవ్వు. నా చెయ్యి ఊరుకోలేదు. రబ్బరు సాలీడు అతని భుజం మీద వాలింది. "ఓర్నాయనోయ్!" అంటూ వేసిన బ్రేకుకి ఆటో కొబ్బరి చెట్టుకి జానెడు దూరంలో ఆగింది.

"దాన్ని ఇక్కడికి కూడా తెచ్చావా నాన్నా?" అంది జ్యోతి. గొంతు పెంచలేదు, చెయ్యి చాపింది. ఇచ్చేశాను. బ్యాగులో వేసి జిప్ లాగేసింది.

ఎనిమిదింబావుకి చెరువు దగ్గరున్నాం. మంగమ్మగారు, ఆవిడ భర్త అందులో చేపపిల్లల్ని పెంచి పెద్ద చెరువులవాళ్లకు అమ్ముతారు. తన చేపల్ని తినే సాలీడుని చంపకుండా ఎందుకు ఉంచారని అడిగాను. "అది నా మనిషండి," అన్నారావిడ. "మబ్బు రోజున నీళ్లలో గాలి తగ్గుద్ది. పిల్లలు పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. అలాంటివే దానికి దొరుకుతాయి. అది వరసగా రెండు పట్టిందంటే నేను పరిగెత్తుకెళ్లి నీళ్లలోకి గాలి కొట్టే మోటార్లు వేస్తాను. రోజుకి రెండు పిల్లలు దాని జీతం!" జ్యోతి ఆ ముక్కలన్నీ గబగబా నోటుబుక్కులో రాసుకుంది. అంత చదివే పిల్ల, చదువు లేని ఆవిడ ముందు తల వంచుకుని రాసుకుంటుంటే నాకు ఛాతీ ఉబ్బింది.

గట్టు వార గుర్రపుడెక్క ఆకు మీద అది కూర్చుని ఉంది. వెనక కాళ్లు ఆకు మీద, ముందు కాళ్లు నీళ్ల మీద. గాలం వేసుకుని కూర్చున్న మనిషి తీరే. జ్యోతి ఫోన్ తీసేలోపు శ్రీను వచ్చాడు. "ఇంకోటి కూడా తెచ్చారా? ఈసారి నేను పడనండోయ్!" అని చెయ్యి చాపాడు. సాలీడు నీళ్ల మీద నాలుగు అంగల్లో పరిగెత్తి ఆకుల కింద మునిగింది. శ్రీను వెనక్కి దూకి బురదలో కూలబడ్డాడు. నవ్వొచ్చింది కానీ, జ్యోతి మొహం చూసి ఆపుకున్నాను. అతను చెయ్యి పెట్టింది నా మూలానే కదా.

"పది నిమిషాలు చూడండమ్మా," అన్నారు మంగమ్మగారు. "తర్వాత మోటార్లు వేసేస్తాను. లేకపోతే నా పిల్లలు చచ్చిపోతాయి." మోటార్లు తిరిగితే నీళ్లన్నీ అల్లకల్లోలం, ఇక సాలీడు రాదు.

జ్యోతి ఆకులకేసే చూస్తూ, "నాన్నా, ఆ పక్క గట్టు మీద నిలబడు. రెండు చేతులూ పైకెత్తు. వీడియోలో నువ్వు కనబడాలి, నీ చేతులు ఖాళీగా కనబడాలి," అంది. వెళ్లి నిలబడ్డాను. బురద కడుక్కుంటున్న శ్రీను కసి తీర్చుకున్నాడు: "ఏంటండీ, పోలీసులొచ్చారా?" చీమొకటి పాంటులోంచి మోకాలు దాకా ఎక్కింది. చేతులు దించలేదు. భుజాలు పీకుతున్నాయి. మంగమ్మగారు మోటారు స్విచ్చు దగ్గరికి నడిచారు.

అప్పుడు ఆకు కదిలింది. సాలీడు పైకొచ్చి, ముందు కాళ్లు నీళ్ల మీద ఆనించింది. ఒక చేపపిల్ల నోరు తెరుచుకుని పైకి తేలింది. రెప్పపాటులో ఎనిమిది కాళ్లూ దాని చుట్టూ మూసుకున్నాయి. తన ఒంటికంటే పొడుగైన చేపను అది ఆకు మీదికి లాక్కుపోయింది. "అయ్‌బాబోయ్," అన్నాడు శ్రీను, గుడిలో మాట్లాడినంత మెల్లగా. జ్యోతి బొటనవేలు పైకెత్తి చూపించింది. మంగమ్మగారు స్విచ్చు వేసేశారు.

సోమవారం సెమినార్లో, వెనకాల చేతులెత్తిన ఆయనెవరని మేడమ్ అడిగారట. "మా నాన్నగారండి, నా సాక్షి," అందట జ్యోతి. ఆ మాట విన్నాక నాకు పదో తరగతి పాసైనట్టే ఉంది. వింత జంతువుల కోసం టీవీలో పరదేశాల అడవులు చూసే మనకి, మన గోదావరి గట్టు మీదే ఇంత పనిమంతురాలైన సాలీడు ఉందని ఇప్పుడు ఎవరికైనా ధీమాగా చెబుతాను, నమ్ముతున్నారు. రబ్బరుది ఇంకా అమ్మాయి బ్యాగులోనే ఉంది. నేను అడగలేదు. మీరు వెళ్లేటట్టయితే మబ్బు పట్టిన ఉదయం, తొమ్మిదిలోపు, చెరువువాళ్లను అడిగి, నీళ్లకి కాస్త ఎడంగా, కదలకుండా కూర్చోండి. చేతులు పైకెత్తక్కర్లేదు, అది నాలాంటివాళ్లకు.