మత్తడి లేని చెరువు

1960లలో ఒకసారి మా మేనత్తను లోణార్ తీసుకెళ్ళాను. మహారాష్ట్రలో అదొక గుండ్రటి ఉప్పునీటి సరస్సు. ఎప్పుడో అగ్నిపర్వతం పేలి ఆ గొయ్యి పడిందని అప్పట్లో చెప్పేవారు. అంచున నిలబడితే చెట్లు కమ్ముకున్న గోడలు నిటారుగా దిగిపోయి, అడుగున పచ్చటి నీళ్ళు కనిపిస్తాయి.

అత్తది కేసముద్రం పక్క పల్లె. చెరువు కింద వరి పండించుకునే ఇల్లు. ఆమె నీళ్ళ వంక చూడనే లేదు, ఒడ్డు చుట్టూ దేనికోసమో వెతికింది.

"కట్ట ఏది బిడ్డా? తూము ఏది? నిండితె పొర్లిపొయ్యెటందుకు మత్తడి సుత లేదు. గిసొంటి చెరువు తెగదా? నేనైతె కిందికి దిగ."

ఇంత దూరం వచ్చి దిగనంటుందేమిటని నాకు ఒళ్ళు మండింది. పక్కన సీతాఫలాలు అమ్ముతున్న మరాఠీ ఆమె మా గొడవేమిటని అడిగింది. నాకొచ్చిన ఉర్దూలో చెప్పాను. ఆమెకు నవ్వాగలేదు.

"ఎవరన్నా కడితే కదా తెగేది!"

"దీని కింద ఎంత పొలం పారుతదో అడుగు," అంది అత్త.

"గుంటెడు కూడా పారదు. తాగడానికీ పనికిరాదు."

"మరెందుకు?"

"చూడ్డానికి," అంది ఆమె, ఇదేం ప్రశ్న అన్నట్టు.

పంటకూ పశువులకూ కాక, ఒట్టి కంటికోసం కూడా చెరువుంటుందని అత్త అంతవరకు వినలేదు. మెల్లగా ఒక బండ మీద కూర్చుంది. దిగుదాం రమ్మని ఆమె ముందుకొచ్చి చెయ్యి చాపాను.

"జర పక్కకు జరుగు బిడ్డా," అంది. "చూడనియ్యి."