మీరావలి బావ చేసిన నలభై మూడు తప్పులు

హజ్‌కు వెళ్లొచ్చినవాళ్లు అక్కడి పుణ్యం గురించి చెబుతారు. మా మీరావలి బావ మాత్రం అక్కడ తాను చేసిన తప్పుల గురించే చెబుతాడు. మొత్తం నలభై మూడు. అడిగినా చెబుతాడు, అడగకపోయినా చెబుతాడు. ఓసారి కూరగాయల బండివాడికి చెబుతుంటే, వాడు నవ్వాపుకోలేక అరకిలో వంకాయలకు రెండు కిలోలు తూచేశాడు.

బావ పోర్టులో ముప్పై ఎనిమిదేళ్లు క్రేన్ నడిపి రిటైరయ్యాడు. ఏటా హజ్‌కు వెళ్లేవాళ్లకు వన్ టౌన్‌లో తన డాబా మీద తర్ఫీదు ఇస్తాడు. కాబా చుట్టూ చేసే తవాఫ్ ఇక్కడ నీళ్ల ట్యాంకు చుట్టూ. సఫా, మర్వా గుట్టల మధ్య నడక రెండు ప్లాస్టిక్ కుర్చీల మధ్య. టీ కోసం నేనూ వెళ్లి ఓ మూల కూర్చుంటాను.

"ఇహ్రాం తెల్లబట్టలు కట్టినాక వాసన సబ్బు రుద్దుకోకూడదు. నాను రుద్దేసాను! పూలకొట్టులాగ గుమగుమలాడిపోయాను."

జనం నవ్వుతారు.

"సైతాను మీద రాయి ఇసరమంటే కోపంలో సెప్పు ఇసిరేసాను. ఒంటి సెప్పుతో తిరిగొచ్చాను!"

నేను చదివిన కాన్వెంటులో తనంతట తాను తప్పు ఒప్పుకున్న పిల్లాణ్ణి నేను ఒక్కణ్ణీ చూడలేదు, నాతో సహా. అందుకే నాకు అనుమానం. ముప్పై ఎనిమిదేళ్లలో ఒక్క పెట్టె కింద పడెయ్యని మనిషి, నలభై రోజుల హజ్ యాత్రలో ఇన్ని తప్పులెలా చేశాడు?

కిందటేడాది మహబూబ్‌బీ వచ్చింది. పూర్ణా మార్కెట్ దగ్గర గాజులమ్మే మనిషి. ఇరవై ఏళ్లు ఎదురుచూసిన ప్రయాణం. తమ్ముడితో కలిసి గురువారం విమానం ఎక్కాలి.

సఫా నుంచి మర్వాకు పోతే ఒకటి, తిరిగొస్తే రెండు. అలా ఏడు. ఆవిడ పోయి రావడాన్ని ఒకటిగా లెక్కపెట్టి పద్నాలుగు నడిచేసింది. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ కుర్చీలో కూలబడింది.

"నాను ఎల్లను భాయ్. ఇక్కడే ఇలగైతే, అల్లా ఇంటికాడ ఇంకేటి సేత్తానో. నా సీటు ఇంకెవులికైనా ఇప్పించండి."

బావ రెండో కుర్చీలో చతికిలబడి మోకాళ్లు పట్టుకున్నాడు.

"ఓలమ్మో! తలుసుకుంటే ఇప్పటికీ పీకుతన్నాయి. నాను తిరిగిందీ పద్నాలుగే సెల్లెమ్మా!"

"ఏటి, నువ్వా!"

"పదమూడోదానికి ఎవులో మలేసియా ముసిల్ది జాలిపడి సేతిలో కర్జూరం ఎట్టింది. ముష్టోడిననుకుంది!"

మహబూబ్‌బీ ఫక్కున నవ్వింది.

"తప్పు సేసినోడిని పైవాడు గెంటీలేదు సెల్లెమ్మా, కర్జూరం పెట్టాడు. లే, మళ్లీ నడు."

లేచింది. ఈసారి సరిగ్గా ఏడు.

అందరూ వెళ్లాక, గ్లాసులు తీస్తూ బావ భార్య జులేఖా గొణిగింది.

"ఆ కర్జూరం తిన్నది నాను. పద్నాలుగూ నావే."

"మరి సబ్బు?" అన్నాను.

"మా తమ్ముడు."

"చెప్పు?"

"పక్క గదాయన. ఈయన ఒక్క తప్పూ సెయ్యలేదు అన్నగారూ! పుస్తకం బట్టీపట్టి మమ్మల్ని కాల్సుకు తిన్నారు."

బావ వైపు తిరిగాను. పెరుగు కుండ దగ్గర దొరికిన పిల్లిలా ఉన్నాడు.

"ఒకల తప్పు మనం కప్పితే, మన తప్పు పైవాడు కప్పుతాడు బావా," అన్నాడు.

"నీకు కప్పడానికి ఒక్కటైనా ఉందా?" అన్నాను.

"ఏటి సెయ్యమంతావు మరి! నాకు తప్పు సెయ్యడం రాలేదు."

మహబూబ్‌బీ గురువారమే వెళ్లింది. తిరిగొచ్చి, వీధంతా ఖర్జూరాలు పంచి, బావ చెవిలో ఏదో చెప్పి సిగ్గుపడింది.

ఈ ఏడాది కొత్త జట్టు వచ్చింది. బావ గొంతు సవరించుకున్నాడు.

"మినా మైదానంలో హాజీల టెంట్లన్నీ ఒక్కలాగే ఉంటాయి. నంబరు సూసుకోవాల. నాను సూసుకోలేదు! టర్కీ ఓల్ల టెంటులో దూరి, ఆల్ల బోయినం తినేసి, ఆల్ల మద్దెలోనే తొంగున్నాను!"

డాబా దద్దరిల్లింది. అందరికీ టీ అందిస్తున్న మహబూబ్‌బీ అందరికన్నా గట్టిగా నవ్వింది.

"ఆల్ల పప్పుచారు బాగుంటాదని కూడా సెప్పండి భాయ్!" అంది.