నాలుగో బోల్టు

డ్రిల్లింగ్ మిషన్ కాంక్రీటులోకి దిగినప్పుడు లేచే వేడి ధూళి వాసన నాకు మల్లెపూల కంటే ఇష్టం. నవ్వుకుంటే నవ్వుకోండి. మొన్న గుంటూరులో కొత్త ర్యాకులు బిగిస్తుంటే వంగి ఆ పొడిని వేళ్ళ మధ్య నలిపి చూశాను. "ఏం చూస్తున్నారు మేడం?" అన్నాడు పక్కనున్న ఇంజనీరు. మస్తాన్ గారిని చూస్తున్నానంటే అతనికేం అర్థమవుతుంది?

మస్తాన్ గారిది చీరాల. టెలిఫోను ఎక్స్ఛేంజీల్లో యంత్రాలు పెట్టే ఇనుప ర్యాకుల్ని నేలకు బిగించడం ఆయన పని. బక్కపలచటి మనిషి, మాట పొదుపు. తొంభైల చివర్లో పర్చూరు వైపు ఒక ఊళ్ళో కొత్త ఎక్స్ఛేంజి పెట్టే పని నాకు అప్పగించారు. నా మొదటి ఉద్యోగం, మొదటి సైటు. ఈ పిల్ల ఏం వెలగబెడుతుందో చూద్దామని ఆఫీసులో సగంమంది కాచుకుని ఉన్నారు. ప్రారంభోత్సవానికి రెండు రోజులే ఉంది, కార్డులు కూడా పంచేశారు.

మొదటి మూడు రంధ్రాల్లోంచి బూడిదరంగు పొడి వచ్చింది. నాలుగో దాంట్లోంచి నల్లమట్టి వచ్చింది. మస్తాన్ గారు మిషన్ ఆపేశారు.

"చూశారా అమ్మాయిగారూ? ఇక్కడ కాంక్రీటు రెండంగుళాలే పోశారు. కింద అంతా రేగడే."

రేగడి సంగతి మా వైపు పుట్టినవాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. ఎండాకాలం కాలు దిగబడేంత బీటలు తీస్తుంది, వానలు పడితే పొంగుతుంది. నాకు తెలియక కాదు, భయం. "మూడు గట్టిగానే ఉన్నాయిగా. నాలుగోది పైపైన సిమెంటుతో అతికించేయండి. ఎవరు చూడొచ్చారు?" అన్నాను. ఇప్పుడు తలుచుకున్నా సిగ్గేస్తుంది.

ఆయన వాదించలేదు. ర్యాకును నిలబెట్టి మూడు బోల్టులూ బిగించి, చేతులు తుడుచుకుని పక్కకి జరిగారు. "ఊపండి" అన్నారు. "సంతకం ఎవరిదో వాళ్ళే ఊపాలి. నా దగ్గర పద్ధతి అది."

రెండు చేతులతో పట్టుకుని లాగాను. నాలుగో మూల వెంట్రుకవాసి లేచి, టక్కుమని నేలకి తగిలింది. ఆయన నా మొహం వంక చూడలేదు. జేబులోంచి పెన్ను తీసి చాపారు.

నేను పెన్ను తీసుకోలేదు. బజార్లో ఎస్టీడీ బూత్‌కి వెళ్ళి పై అధికారికి ఫోన్ చేశాను. ఆయన మండిపడ్డారు. "కార్డులు పంచాక ఇప్పుడా చెప్పేది? ఎవరాపమన్నారు, ఆ మస్తానేనా?"

అవునండి అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అంటే నేను బయటపడతాను. మస్తాన్ గారికి మాత్రం మళ్ళీ మా ఆఫీసులో పని దొరకదు. "కాదండి, నేనే ఆపించాను" అన్నాను. బూత్ బయట రెండు టీ గ్లాసులు పట్టుకుని మస్తాన్ గారు నిలబడి ఉన్నారు. విన్నట్టే ఉన్నారు. తిరిగొచ్చాక కూలీలతో, "మేడంగారు చెప్పారు, పలుగులు తీయండి" అన్నారు. అప్పటిదాకా నేను అమ్మాయిగారినే.

ర్యాకులు నిలబడే చోటంతా తవ్వి, రేగడి ఎత్తిపోసి, కంకర కూరి, దిమ్మె పోసి ఆరేసరికి ప్రారంభోత్సవం మూడు వారాలు వెనక్కి పోయింది. ఆఫీసులో నన్ను నానా మాటలూ అన్నారు. ఆ ఏడు తుపాను వానలకి హాల్లో మిగతా నేలంతా పొంగి పగిలింది. దిమ్మె మీద ర్యాకులకి రసమట్టం ఆనిస్తే బుడగ నడిమధ్యే నిలిచింది. గర్వంగానే చెబుతున్నాను, మా ఎక్స్ఛేంజి ఒక్క గంట కూడా ఆగలేదు. ఆ మాట చెబుదామని పరుగున చీరాల వెళితే మస్తాన్ గారు తాపీగా, "మీరు ఊపి చూసిందేగా అమ్మా" అన్నారు.

మొన్న గుంటూరులో పనయ్యాక ఆ ఇంజనీరు ఫైలు చాపాడు. "బిగించేశారు మేడం, సంతకం పెట్టండి."

"ముందు నీ సంతకం ఉండాలిగా. దానికంటే ముందు, ఊపు."

అతను నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి రెండు చేతులతో పట్టుకుని లాగాడు. కదల్లేదు. తర్వాత నేనూ లాగాను.