మడి నిండేదాకా

దయ్యాల కథలు మొదలుపెడితే లేచి వెళ్లిపోయే రకం నేను. వంతెనలు కట్టే ముందు నేలను తొలిచి, కింద ఏ మట్టి ఉంది, ఎంత లోతులో రాయి తగులుతుంది అని చూసి చెప్పడం నా ఉద్యోగం. చేతికి తగిలిందే నాకు లెక్క. అయినా శింగనమల దగ్గర జరిగింది మాత్రం ఇప్పటికీ మింగుడు పడటం లేదు.

కొత్త రోడ్డు కింద పోయే చేను అది. ఓబులమ్మ అనే ఆమెది. మేము మూడుకాళ్ల స్టాండు నిలబెట్టి, సుత్తి దెబ్బలతో గొట్టం దించడం మొదలుపెట్టామో లేదో, ఆమె పసుపు, కుంకుమ, టెంకాయ పట్టుకుని వచ్చింది. ఈ పల్లెల్లో మా మిషను చూసి నీళ్ల బోరనుకోవడం మామూలే.

"నీళ్లకు గాదమ్మా, వంతెనకు" అన్నాడు మా డ్రిల్లరు ఖాదర్.

ఆమె ముఖం వాడిపోయింది. తెచ్చింది గదా అని టెంకాయ మాత్రం కొట్టింది. "మా ఆయప్ప ఈడ నీళ్లుండాయని అంటాండె. ఏసిన బోర్లన్నీ దుమ్ము లేపినాయి. ఊరంతా నవ్వినారు. ఆ దిగులుతోనే పోయినాడు" అని చనిపోయిన మొగుణ్ణి తలుచుకుంది.

పైన ఎర్రమట్టి, తర్వాత గరుసు, దాని కింద గట్టి రాయి. రాయి కోయడానికి మేము పోసిన నీళ్లు కూడా పగుళ్లలోకి ఇంకిపోయాయి. మరునాడు పొద్దున నీటిమట్టం చూడటానికి బరువు కట్టిన టేపు దించాను. కొసకు దుమ్ము అంటుకుని పైకి వచ్చింది. ఇక సిమెంటు పోసి పూడ్చేయాలి, అది రూలు.

ఖాదర్ సిమెంటు కలుపుతున్నాడు. నేను వంగి టేపు చుడుతుంటే లోపల్నుంచి నీళ్లు పారుతున్న శబ్దం వినిపించింది. కాసేపు పారడం, తడిమట్టి మీద పార పడిన చప్పుడు, మళ్లీ పారడం. టేపు మళ్లీ దించాను. పొడే. ఖాదర్ కూడా విన్నాడు. "యా అల్లా" అని వెనక్కి జరిగాడు. చుట్టుపక్కల నడిచే మోటారు ఒక్కటీ లేదు. పక్కనే తొలిచిన ఇంకో గుంతలో చెవి పెట్టి చూశాను. ఏమీ లేదు.

మా వాలకం చూసి ఓబులమ్మ వచ్చింది. మేము చెప్పకముందే తనే కూర్చుని గొట్టానికి చెవి ఆనించింది. చాలాసేపు లేవలేదు.

"మడవ తిప్పుతాండాడు" అంది.

ఒక మడి తడిశాక, పారతో గట్టు తెంచి నీళ్లను పక్క మడికి మళ్లించడం అది. ఆ పని కోసమే బతుకంతా ఎదురుచూసి, ఒక్కనాడూ చేయకుండా పోయిన మనిషి. నాకు ఏడుపొచ్చింది.

సిమెంటు గట్టిపడిపోతోందని ఖాదర్ గుర్తు చేశాడు. ఆమె గొట్టం మీంచి చెయ్యి తీయలేదు.

"కొంచేపు ఉండప్పా. ఈ మడొక్కటి నిండనీ."

ఉన్నాం. కలిపింది పాడైతే పారేసి మళ్లీ కలిపాం. ఎండ నెత్తికెక్కాక శబ్దం దానంతటదే ఆగింది. ఆమె కొంగుతో గొట్టం అంచు తుడిచి, "ఇంక పూడ్చుకోండి" అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. "మా ఆయప్ప చెప్పింది అబద్ధం గాదని ఊర్లో ఒక మాట చెప్పిపో సారూ."

ఏమని చెప్పను? ఆ శబ్దం ఎక్కడిదో నాకిప్పటికీ తెలియదు. టేపు మాత్రం రెండుసార్లూ పొడిగానే వచ్చింది. రిపోర్టులో నేను కూడా, ఊరందరిలాగే, అక్కడ నీళ్లు లేవనే రాశాను.