మణికట్టు మీద తెల్ల పేరు

నా మేనకోడలు భీమడోలులో బట్టల కొట్లో పనిచేస్తుంది. రోజంతా చీరలు విప్పి చూపించాలి కాబట్టి వచ్చినవాళ్ళ కళ్ళు ముందు ఆమె చేతుల మీదే పడతాయి. ఎడమ మణికట్టు మీద, తిరనాళ్ళలో మిషనుతో పచ్చబొట్టు పొడిపించుకున్న పేరొకటి ఉంది. ఆ పేరుగలవాడు ఇంకెవరినో చేసుకుని వెళ్ళిపోయాడు. పేరు మాత్రం ఎక్కడికీ పోలేదు.

దాన్ని తీయించడానికి ఏలూరులో చర్మం డాక్టరుగారి దగ్గరకు నేనే తీసుకెళ్ళాను. "అమ్మాయిది నలుపు కలిసిన చాయండీ. లేజరు సిరానే కాదు, చర్మంలో రంగును కూడా పట్టుకుంటుంది. తక్కువ పవర్‌తో, మధ్యలో నెలలు ఆగుతూ నిదానంగా చేయాలి" అని, ఆవిడ ఆవగింజంత చోట చేసి చూసి పంపించేశారు.

తిరుగు బస్సులో పిల్ల మొహం వేలాడేసుకుంది. నవ్విద్దామనిపించింది.

"తాడేపల్లిగూడెంలో నా స్నేహితుడొకడు వీపు మీద గద్దబొమ్మ ఒక్క పూటలో తీయించుకున్నాడే. చేప పొలుసుల్లా రాలిపోతే చీపురుతో ఊడ్చి చేటలోకెత్తారు. గద్ద ముక్కు మాత్రం కిటికీలోంచి ఎగిరిపోయింది."

పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. నాకా స్నేహితుడూ లేడు, ఆ గద్దా లేదు.

మా ఇంట్లో నా కథలకో పద్ధతుంది. కొస తుంచేసి, మిగిలింది నమ్ముతారు. పిల్ల కూడా ముక్కు ఎగరడం వదిలేసి, ఒక్క పూట అన్న మాట మనసులో దాచుకుంది. డాక్టరుగారు ఊరికే తిప్పుతున్నారనుకుంది. నాకు చెప్పకుండా తాడేపల్లిగూడెం వెళ్ళి, ఓ పార్లర్‌లో ఒకేసారి తీసేయమంది. తీసేశారు. పొక్కులు లేచి మానేసరికి సిరాతోపాటు చర్మం రంగూ పోయింది. అదే పేరు, ఇప్పుడు తెల్లగా. కొట్టు గుమ్మంలో నిలబడి చదవొచ్చు.

మళ్ళీ ఏలూరు వెళ్ళాం. "రంగు తిరిగి రావచ్చండీ, రాకపోనూవచ్చు. ఎండ తగలనివ్వకండి" అన్నారు డాక్టరుగారు. నాలుగు చీవాట్లు పెట్టినా బాగుండేది.

వచ్చేటప్పుడు బస్సులో ముందు సీటు పెద్దావిడ వెనక్కి తిరిగి, "ఏమ్మా, ఆ చేతికేమైంది?" అంది.

పిల్ల నా వైపు చూసింది. ఎన్ని కథలైనా చెప్పొచ్చు. ఉన్నదే చెప్పాను.

"నా వల్లేనండీ. ఒక్క పూటలో పోతుందని అబద్ధం చెప్పాను."

"మా మావయ్య మాటలు పట్టించుకోకండి పిన్నిగారూ" అంది పిల్ల. "ఆయన అన్నీ కథలే చెప్తారు."

పెద్దావిడ నవ్వి అటు తిరిగింది. పిల్ల చున్నీ మణికట్టు మీదకి లాక్కుంది.

"ఇటు ఎండ పడుతోంది మావయ్యా. మీరు కిటికీ వైపు రండి."

వెళ్ళి కూర్చున్నాను. భీమడోలు దాకా ఎండ నా మీదే పడింది.