ఉత్త కుండీకి పోసిన నీళ్ళు

మా చిన్నప్పుడు ఎండాకాలం మధ్యాహ్నాలకు గొళ్ళెం ఉండేది...

భోజనాలు కాగానే మా బాపమ్మ, అంటే నాన్నగారి అమ్మ, తలుపు మూసి లోపల గొళ్ళెం పెట్టి, ఆ తలుపుకే వీపు ఆనించి చాప మీద ఒరిగేది. వరంగల్ ఎండ గడప దాటి లోపలికి రాకూడదు, పిల్ల గడప దాటి బయటికి పోకూడదు. పొద్దు వాలేదాకా ఆ చీకటి గదిలో నేనూ, నా మంచినీళ్ళ చెంబూ, కిటికీ ఊచలూ...

ఆ ఏడు నాకు బయట ఒక పని ఉంది. కిటికీ కింద, గోడవారగా ఉన్న మట్టి కుండీలో, వెనక ఇంటి ఖైరున్ ఖాలమ్మ ఇచ్చిన ఒక గడ్డను పాతిపెట్టాను. చూడటానికి అది ఉల్లిగడ్డలా ఉండేది.

"చలికాలమంతా పండుకుంటది బిడ్డా. ఎండలు ముదిరినంక జర జర నీళ్ళు చూపియ్యి. ఆకు కన్నా ముందు పువ్వే వస్తది... ఎర్రగ, ఆడుకునే బంతి లెక్క. మే పువ్వు అంటరు" అని చెప్పింది ఖాలమ్మ.

అటువంటి పువ్వును మా వాడలో ఎవరూ చూసి ఉండలేదు. నేను చూడాలి. అంతే.

కానీ మా బావి అడుగంటింది. చేద వేస్తే నీళ్ళకన్నా బురదే ఎక్కువ వచ్చే రోజులవి. సాయంత్రం తలుపు తీశాక నేను కుండీ వైపు చెంబు పట్టుకొని నడిస్తే చాలు, బాపమ్మ కేక పెట్టేది.

"ఉత్త మన్నుకు నీళ్ళు తాపుతున్నవా పోరీ? ఈడ మనుషులకే దిక్కు లేదు! మిరుగు దాకా చూస్త. అప్పటికి మొలక రాకుంటె ఆ మన్ను పారబోసి పుదీన పెడ్త."

మిరుగు అంటే మృగశిర కార్తె, తొలకరి వేళ. అది దగ్గర పడుతోంది... ఆమె కళ్ళు మూసుకునేది మధ్యాహ్నం ఒక్కటే. అప్పుడేమో తలుపు మూసి ఉండేది. ఊచల్లోంచి ఎంత చాపినా చెయ్యి కుండీకి అందేది కాదు. చెంబు వంచితే నీళ్ళు గోడ మీద పడి, ఆ వేడికి అక్కడే ఆరిపోయేవి.

దీపంలో వత్తి నూనెను పీల్చుకోవడం రోజూ చూసేదాన్నే కదా! అమ్మ పాత నూలు చీర అంచు చించాను. తడిపి, ఒక కొనను కిటికీలో పెట్టిన చెంబులో ముంచి, రెండో కొనను ఊచల మధ్య నుంచి కుండీలోకి జారవిడిచాను. కాసేపటికి ఒక చుక్క... మరొక చుక్క... అవి నా వంతు తాగే నీళ్ళు. వాటి లెక్క నన్ను అడిగే హక్కు ఎవరికీ లేదు.

ఒకనాడు బాపమ్మ లేచి చూడనే చూసింది.

"ఏందే ఇది?"

"నా నీళ్ళు. నేను తాగలే."

"గడ్డ కోసం నోరెండి సస్తవా?"

"సస్త. లేకుంటె తలుపు తియ్యి."

"తియ్య. నీకు ఎండదెబ్బ తగిలితె మీ నాయనకు ఏం చెప్పాలె?"

తీయలేదు. కానీ మర్నాటి నుంచి తన చెంబు కూడా తెచ్చి, నా చెంబు పక్కన పెట్టి, వెళ్ళి తలుపుకు ఆనుకొని పడుకునేది.

మిరుగుకు ముందే మన్ను పగిలింది... పువ్వు విచ్చుకున్నది కూడా మధ్యాహ్నమే. ఊచలకు చెంప ఆనించి చూశాను. కాలిన ఇనుము చురుక్కుమంది.

"జర జరుగవే, నన్ను గూడ సూడనియ్యి" అంటూ బాపమ్మ నా పక్కనే మొహం పెట్టింది. ఇద్దరం లోపల, అది బయట...

ఆ గడ్డ పిల్లలు పెట్టి, ఇళ్ళు మారినప్పుడల్లా నాతో వచ్చింది. నా ఉద్యోగంతో నేను కట్టుకున్న హనుమకొండ ఇంటి డాబా మీద ఎడారి గులాబీలు, డ్రాగన్ ఫ్రూట్ తీగల మధ్య దానిదొక కుండీ. ప్రతి వేసవికీ వాటిపైన పచ్చ నెట్ పందిరి నేనే వేసుకుంటాను. ఎవరినీ సాయం అడగను.

మొన్న ఆ పందిరి కడుతూ కళ్ళు తిరిగి కూర్చుండిపోయాను. కింది వాటాలో ఉండే మా చెల్లెలి కూతురు రజిత, ఆకులున్న కుండీలన్నీ కిందికి దింపించి డాబా తలుపుకు తాళం వేసింది.

"మే పువ్వు కుండీ ఏదే?" అన్నాను.

"అండ్ల ఏమున్నది పెద్దమ్మా, ఉత్త మన్నే గద! నువ్వు మల్ల పడితె దవాఖానకు ఒక్కదాన్నే ఉరకాలె. దండం పెడ్త, ఈ ఎండలు పోయేదాక పైకి పోకు."

తాళంచెవి హ్యాండ్‌బ్యాగులో వేసుకొని ఆఫీసుకు వెళ్ళిపోయింది. రెండోసారి అడగడం నాకు చేతకాదు.

మెట్ల గదికి ఊచల కిటికీ ఒకటి ఉంది. కుండీ దాని కిందే, అవతల... నా పాత నూలు చీర అంచు బాగానే చిరిగింది. రోజూ మెట్లెక్కి, చెంబు నింపి కిటికీలో పెట్టి దిగి వస్తున్నాను. ఈ ఉదయం చూస్తే మన్ను పగిలి, ఎర్రటి మొన ఒకటి తల ఎత్తింది.

రజిత చెడ్డది కాదు. ఆమె భయమూ, బాపమ్మ భయమూ ఒకటే. కానీ బాపమ్మ గొళ్ళెం పెట్టి నాతోపాటు తానూ ఆ ఉక్కలోనే ఉండేది... ఇప్పటి తాళంచెవులు పొద్దున్నే ఆఫీసుకు వెళ్ళిపోతున్నాయి.

ఆ మెట్ల కిటికీ దగ్గర రెండు మొహాలకు చోటుంది. రెండోది ఇంకా రాలేదు...

మీ ఇంట్లో ఎండాకాలం తలుపుకు వీపు ఆనించి పడుకున్నది ఎవరు? తీరిగ్గా రాయండి, చదువుతాను... నా మధ్యాహ్నం ఇంకా చాలా మిగిలి ఉంది.