ఆదివారం సంగతి అడగలేదు

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడాది నన్ను గోదావరిఖని ప్రాంతానికి రక్షణాధికారిగా వేశారు. గృహహింస చట్టం కింద బాధితురాలి ఫిర్యాదును నివేదికగా రాసి మేజిస్ట్రేటుకు పంపడం, కోర్టు ఉత్తర్వులు అమలవుతున్నాయో లేదో చూడడం ఈ అధికారి పని. అరెస్టు చేసే అధికారం పోలీసులదే.

అక్కడ నా మొదటి కేసుల్లో స్వరూపది ఒకటి. భర్త సమ్మయ్య భూగర్భ గనిలో కార్మికుడు. తాగి కొట్టేవాడు. ఆమెపై చేయి చేసుకోకూడదనీ, మూడు నెలలు క్వార్టర్‌లో అడుగుపెట్టకూడదనీ, ఆ మూడు నెలలూ మద్యం మాన్పించే కేంద్రంలో వారం వారం కౌన్సెలింగుకు వెళ్ళాలనీ కోర్టు ఉత్తర్వులిచ్చింది. గడువు తీరాక అతన్ని ఇంటికి రానివ్వాలా వద్దా అన్నది నా నివేదిక చూసి తేలుస్తారు.

సమ్మయ్య వెనక లైన్‌లోనే అన్న ఇంట్లో ఉండేవాడు. ఏ షిఫ్టు పడినా బుధవారం డ్యూటీకి ముందో, దిగాకో కౌన్సెలింగుకు వచ్చేవాడు. ఒక్క వారం తప్పలేదు, ఒక్కసారీ వాసన రాలేదు. తాగి వస్తే గనిలోకి దింపరని నాకు తెలుసు. తెలిసీ ఆలోచించలేదు.

నివేదిక రాసేముందు స్వరూపను పిలిచి, ఎలా ఉంటున్నాడని అడిగాను.

"డ్యూటీ ఉన్న దినాలు మంచిగనే ఉంటుండు మేడం," అంది.

భర్త ఇప్పుడు బాగా ఉంటున్నాడని ఆమె చెప్పినట్టు రాశాను. మొదటి ముక్క అనవసరమనిపించింది. నివేదిక క్లుప్తంగా ఉండాలని నాకొక పిచ్చి. కోర్టు అతన్ని ఇంటికి అనుమతించింది.

ఆదివారం గనికి సెలవు. అక్కడ దాన్ని ప్లే డే అంటారు. ఇంటికొచ్చిన రెండో ఆదివారం సమ్మయ్య పొద్దున్నే తాగడం మొదలుపెట్టి, మధ్యాహ్నానికల్లా ఆమె కుడిచేయి విరగ్గొట్టాడు. రక్షణ ఉత్తర్వును ఉల్లంఘించడమే ఒక నేరం కాబట్టి పోలీసులు ఆ సాయంత్రమే అరెస్టు చేశారు.

దవాఖానలో ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

"డ్యూటీ ఉన్న దినాలు అని చెప్పిన గద మేడం. ప్లే డే సంగతి మీరు అడుగలే. ఈడ అందరికి ఎర్కే గదా అనుకున్న."

మర్నాడు మేజిస్ట్రేటుకు నా తప్పు రాసిచ్చాను. క్వార్టర్‌లోకి రాకూడదనీ, కౌన్సెలింగుకు వెళ్ళాలనీ మళ్ళీ ఉత్తర్వు వచ్చింది. అతను బెయిలుపై బయటికొచ్చాక, కౌన్సెలింగును ఆదివారం మధ్యాహ్నానికి మార్చమని నేనే కోరాను. మొదటి రెండు ఆదివారాలూ అతను రానేలేదు. ఆ సంగతీ కోర్టుకు రాశాను.

అప్పటినుంచి రిటైరయ్యేదాకా బాధితురాలు చెప్పిన మాటను చెప్పినట్టే, ఒక్క ముక్క తీయకుండా రాశాను. ఇంత చిన్న పని నాకు తెలిసిరావడానికి స్వరూప చెయ్యి విరగాల్సి వచ్చింది.